సంతకం నాది, చదివేది ఇంకొకరు

ఈ వారం ఉత్తరం ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చింది. మాట తల్లిది, చేతిరాత కూతురిది. తల్లికి 41 ఏళ్లు, ఆ ఊరి సర్పంచ్. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను కూడా.

ఆమె బడికి పోయింది రెండో తరగతి దాకానే. తమ్ముడు పుడితే వాణ్ణి ఎత్తుకోవడానికి మానిపించారు, వాడు నడిచే వేళకు మేకలొచ్చాయి. పెళ్లయ్యాక మహిళా సంఘంలో చేరినప్పుడు పొదుపు పుస్తకం కోసం సంతకం నేర్చుకుంది. చాలా ఏళ్లు ఉపాధి హామీ పనికి పోయింది. భర్త పదేళ్లుగా పార్టీలో తిరుగుతున్న మనిషి, సర్పంచ్ కావాలని ఆశపడ్డ మనిషి. 2025 డిసెంబరు ఎన్నికల్లో ఆ ఊరి సర్పంచ్ పదవి మహిళకు రిజర్వ్ అయింది. దాంతో ఆమెను నిలబెట్టారు. 63 ఓట్ల తేడాతో గెలిచింది.

"గెలిచిననాడు దండలన్నీ ఆయన మెడల పడ్డయి. నాకు ఒక్కటేసిన్రు, ఫొటో కోసం" అని రాయించింది.

ఊళ్లో అందరూ భర్తనే సర్పంచ్ సాబ్ అంటారు. పంచాయతీ సెక్రటరీ ఫోన్ చేసేది ఆయనకే. ఆన్‌లైన్‌లో సంతకం పెట్టడానికి ఆమె పేరున ఇచ్చిన డిజిటల్ కీ ఆయన బండి డిక్కీలో ఉంటుంది. ఓటీపీ వచ్చే నంబరూ ఆయనదే. జనవరి 26న జెండా ఎగరేసింది ఆమె, కాగితం చూసి మాట్లాడింది ఆయన. ఆ తర్వాత ఒక గ్రామసభలో ఓ ముసలమ్మ లేచి, "నీళ్ల మోటరు రిపేరుకు గన్ని పైసలెట్లయినయి బిడ్డా, నువ్వే సంతకం పెట్టినవంట గద" అని అడిగింది. ఈమె దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకుంది. మర్నాడు ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో 'నిశానీ సర్పంచ్' అని, అంటే వేలిముద్ర సర్పంచ్ అని పెట్టారు. అది కూడా కూతురు చదివి వినిపిస్తేనే ఆమెకు తెలిసింది.

ఆ రాత్రే పలక తెప్పించుకుంది. భర్త కొట్టడు, తిట్టడు. నవ్వుతాడు. "నేను లేనా? సర్పంచ్ అయినంక అ ఆలు దిద్దుతున్నవని ఊళ్లె తెలిస్తే ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. అత్తగారిదీ అదే మాట. నేర్పే కూతురు మూడో రోజుకే విసుక్కోవడం మొదలుపెట్టింది. (ఈ వాక్యాన్ని ఆ అమ్మాయే తన చేత్తో, దాచకుండా రాసింది. అందుకు నాకామె నచ్చింది.)

ఆమె అడిగినవి ఇవి: "రాజీనామా ఇచ్చి నా పని నేను చూసుకోవాల్నా? ఇట్లనే నడవనియ్యాల్నా? చదువుకోవాల్నంటే అది వచ్చేసరికి పదవి ఒడువదా? అసలు చదువు రానోళ్లు సర్పంచ్ కావద్దా?"

కింద కూతురు తన మాటగా మూడు వాక్యాలు చేర్చింది. "ఇంటర్ రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివాను, మంచి మార్కులు వచ్చాయి. మా ఊరి గ్రామసభకు ఒక్కసారి కూడా పోలేదు. అక్కడేం చేస్తారో నాకు కూడా తెలియదు."

అమ్మా,

ఇది మీ అమ్మాయి మీకు చదివి వినిపిస్తుందని తెలుసు. అర్థం కాని చోట ఆపమనండి, మళ్లీ చదవమనండి. వినేవాళ్లకు ఆ హక్కుంది. సెక్రటరీ ముందు కూడా ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీ ఆఖరి ప్రశ్నే మొదట తీసుకుంటాను. అది తేలకపోతే మిగతావన్నీ సిగ్గులోంచి చేసే పనులవుతాయి.

ఈ దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. అప్పుడు నూటికి 18 మందికి మాత్రమే చదువు వచ్చు. ఆడవాళ్లలోనైతే పదిమందికి ఒక్కరు కూడా లేరు. చదువుకున్నోళ్లకే ఓటు ఇస్తే చాలని అప్పట్లో పెద్దపెద్దవాళ్లు అన్నారు. రాజ్యాంగం రాసినవాళ్లు ఆ మాట వినలేదు. పెద్దవయసు వచ్చిన ప్రతి మనిషికీ ఓటన్నారు. పేరు చదవలేనివాళ్ల కోసం గుర్తులు పెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, డబ్బా మీద గుర్తు. ఇవాళ మనం పార్టీల సొత్తనుకునే ఈ గుర్తులు అట్లా చదువు రాని వాళ్లను బయట నిలబెట్టకూడదని వచ్చినవే. మీ జిల్లా సంగతి కూడా వినండి. ఆ ఎన్నికల్లో మీ నల్గొండ నుంచి గెలిచిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. వేసింది ఎవరు? మీ ముత్తవ్వలు, తాతలు. వాళ్లలో ఎక్కువ మందికి సంతకం కూడా రాదు. ఎవరికి ఎందుకు వేస్తున్నామో మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

అదే ఎన్నికల్లో ఇంకొకటి జరిగింది. అది మీకు ఇంకా దగ్గరి సంగతి. ఓటర్ల జాబితా రాయడానికి ఇళ్లకు పోతే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానాయన భార్యను, ఫలానా పిలగాడి తల్లిని అని రాయించుకున్నారు. అప్పటి ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు, సొంత పేరు ఉండాల్సిందే అన్నారు. ఆఖరికి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. అది అన్యాయమే అని చాలామంది అన్నారు. ఆ తర్వాతి ఎన్నికలకు ఆడవాళ్లు సొంత పేరుతో జాబితాకెక్కడం మొదలైంది. 'సర్పంచ్ సాబ్' అన్న పిలుపు విన్నప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తొస్తుంది. పేరు మీది, పిలుపు ఆయనది.

కాబట్టి చదువు రాకపోవడం మీ పదవికి అనర్హత కాదు. మన చట్టం అట్లా చెప్పలేదు. హర్యానాలో 2015లో చెప్పారు. కొందరికి సడలింపులిస్తూ, పంచాయతీకి నిలబడాలంటే పదో తరగతి ఉండాలన్నారు. సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులో దాన్ని సమర్థించింది. రాజస్థాన్ కూడా అటువంటి చట్టమే తెచ్చి, 2019లో వద్దనుకుని తీసేసింది. కోర్టు తీర్పును గౌరవిస్తాను గానీ ఆ వాదన నాకు మింగుడుపడదు. ఎమ్మెల్యేకూ ఎంపీకీ లేని చదువు షరతు వార్డు మెంబరుకు ఎందుకు? మిమ్మల్ని రెండో తరగతిలో మానిపించింది మీరు కాదు. తమ్ముణ్ణి ఎత్తుకోమన్నవాళ్లు, ఆ పిల్ల బడికెందుకు రావట్లేదని అడగని ఊరు, అడగని సర్కారు. వాళ్ల తప్పుకు మీకు శిక్ష వేస్తే ఎట్లా? 2011 జనాభా లెక్కల్లో, అంటే మీరు అప్పటికే ఇల్లు నడుపుతున్న రోజుల్లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు నూటికి 59. మిగతా 41 మందిలో మీరొకరు. నిశానీ అని రాసిన ఆ కుర్రవాడి అమ్మమ్మో నాయనమ్మో కూడా అందులో ఉండే ఉంటుంది.

ఇంతదాకా మీ వైపు మాట్లాడాను. ఇప్పుడు కొంచెం కష్టమైన మాట చెప్తాను.

చదువు రాకపోవడం తప్పు కాదు. చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టడం తప్పు. ఆ ముసలమ్మ మీకు అక్షరం వచ్చా అని అడగలేదు. పైసలు ఎట్లయినయని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మీకు అచ్చులు, హల్లులు రానక్కర్లేదు. బిల్లు పెట్టిన రోజున "ఇదేంది, ఎంత, ఎవరికి?" అని అడిగి ఉంటే చాలు. మీకు సిగ్గనిపించింది అక్షరం రాలేదని. ఆమెకు కోపమొచ్చింది మీరు అడగలేదని. ఈ రెండూ ఒకటి కావు.

ఇక మీ ముందున్న దారులు.

ఇట్లనే నడవనివ్వడం మొదటిది. అందరికీ సులువు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దాని ఖరీదు మాత్రం తెలిసి ఉండాలి. తెలంగాణలో చెక్కుకు మీ సంతకం, ఉపసర్పంచ్ సంతకం రెండూ కావాలి. ఆన్‌లైన్ చెల్లింపులకు డిజిటల్ కీ. ఆ కీతో పడ్డ సంతకం చట్టం దృష్టిలో మీరు చేత్తో పెట్టినట్టే. రేపు ఆడిట్‌లో మోటారు రిపేరు బిల్లు దగ్గర ఎర్రగీత పడితే సంజాయిషీ నోటీసు మీ పేరున వస్తుంది. తిరిగి కట్టమంటే కట్టాల్సింది మీరు. కలెక్టర్ సస్పెండ్ చేస్తే మిమ్మల్నే చేస్తారు. ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. భర్త చెడ్డవాడని నేననడం లేదు. ఆయన బంగారంలాంటి మనిషే కావచ్చు. ఆయన పక్కన కూర్చుని టీ తాగేవాళ్లందరూ అట్లాంటివాళ్లేనా? మీరు ఐదేళ్ల పాటు పూచీకత్తు ఉంటున్నది ఆయనకొక్కడికే కాదు.

రాజీనామా రెండోది. తప్పేం కాదు, మీ ఆరోగ్యమో మనసో బాగాలేకపోతే నేనూ అదే చెప్పేదాన్ని. దిగిపోతే ఉపసర్పంచ్ కొన్నాళ్లు చూస్తారు, తర్వాత అదే రిజర్వేషన్‌తో ఉపఎన్నిక వస్తుంది. అప్పుడు మళ్లీ ఎవరో ఒకాయన తన ఇంటావిడను నిలబెడతాడు. పాత కథే, ఇల్లు మారుతుంది. మీ ఉత్తరంలో మాత్రం పదవి నచ్చలేదన్న మాట ఎక్కడా లేదు. నాకు కనిపించిందల్లా ఆ ముసలమ్మకు జవాబు చెప్పలేకపోయానన్న బాధ. దిగిపోతే ఆ బాధ పోతుందా? మీకే తెలియాలి.

మూడోది చదువుకోవడం. ఇందులో మళ్లీ రెండున్నాయి, చాటుగా చదవడం, అందరికీ తెలిసేలా చదవడం. చాటుగా అయితే ఇంట్లో గొడవ ఉండదు. కానీ రాత్రి పది దాటాక, అందరూ పడుకున్నాక, అలసిపోయిన కళ్లతో, అరగంట. తెలిసేలా అయితే వారం పది రోజులు ఊరు నవ్వుతుంది. మీ ఆయన ముఖం మాడ్చుకుంటారు. తర్వాత ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మెల్లగా వచ్చి "మాకూ చెప్పు" అంటారు. ఇది నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. ఏది ఎంచుకున్నా మీ ఇష్టం. ఒక్క మాట, నవ్వు దాటి చేయి లేచే పరిస్థితి ఎప్పుడైనా వస్తే 181కి ఫోన్ చేయండి. అప్పుడు చదువు సంగతి పక్కన పెట్టండి.

ఈ మూడింటికీ సంబంధం లేకుండా, ఏ దారిన పోయినా, ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. కీ డిక్కీలోంచి మీ బీరువాలోకి రావాలి. ఓటీపీ నంబరు మీ ఫోనుది కావాలి. దీనికి గొడవ అక్కర్లేదు. "ఆఫీసోళ్లు అడిగితే నా దగ్గరే ఉందని చెప్పాలె" అంటే చాలు. అది నిజం కూడా.

కీ చేతికి వచ్చాక చదువు వచ్చేదాకా ఆగనక్కర లేకుండా రేపే మొదలుపెట్టగలిగేది ఒకటుంది: చదివించుకోవడం. సెక్రటరీ కాగితం ముందు పెడితే, "చదువు బిడ్డా, వింట" అనండి. చదివాక, "ఇది ఇంకోసారి నీ మాటల్లో చెప్పు" అనండి. తర్వాత అదే కాగితాన్ని ఇంకెవరితోనైనా, పదో తరగతి చదివిన మహిళా వార్డు మెంబరుతోనో మీ అమ్మాయితోనో, మళ్లీ చదివించండి. ఇద్దరు చదివింది ఒక్కటేనా కాదా అన్నది మీ చెవికి తెలుస్తుంది. చదువు రాని వాళ్ల చెవి ఎంత పదునుగా ఉంటుందో చదువుకున్నవాళ్లకు తెలియదు. పంచాయతీ లెక్కలు రహస్యాలు కావు. గ్రామసభ ఉన్నదే వాటిని అందరి ముందు పెట్టడానికి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది రెండు నెలలకోసారి జరగాలి. వచ్చే గ్రామసభలో జమాఖర్చు గట్టిగా చదివించండి, ప్రతి పద్దు దగ్గరా ఆపండి. సెక్రటరీ చిరాకుపడవచ్చు. మొదటిసారి గంటన్నర పడుతుంది. పట్టనివ్వండి.

ఇక అక్షరాలు. ఇక్కడ నా సొంత పొరపాటొకటి చెప్పాలి.

1990లలో, టీచరుగా కొత్త రోజుల్లో, సాయంత్రాలు ఒక అక్షరాస్యతా కేంద్రం నడిపాను. లాంతరు వెలుగులో 30 మంది ఆడవాళ్లు. నేను చిన్నపిల్లలకు చెప్పినట్టే చెప్పాను. అ అమ్మ, ఆ ఆవు, పాట, చప్పట్లు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు. తప్పు వాళ్లదనుకున్నాను. పట్టుదల లేదనుకున్నాను. ఆ తొమ్మిది మందిలో ఒక పెద్దామె ఒకరోజు పలక పక్కకు నెట్టి, "ఆవు నాకు తెల్వదా పంతులమ్మా? పాలు పిండేది నేనే. బస్సు మీద ఏం రాస్తరో అది చెప్పు" అంది. కూతురింటికి పోవడానికి ప్రతిసారీ కండక్టర్ల చేత కసిరించుకుంటోందట. ఆ ఊరి పేరు ఐదు అక్షరాలు. రెండు రోజుల్లో నేర్చుకుంది. ఆ ఐదింటి నుంచి మిగతావి తీగలాగినట్టు వచ్చాయి. ఆమె కదా నాకు టీచరు.

అవే రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో మీ వయసువాళ్లకు లీలగా గుర్తుండవచ్చు. రాత్రి బడిలో పుస్తకంలో ఒక పాఠం వచ్చింది, మొగుడి తాగుడుకు బలైన ఆడమనిషి కథ. చదువుకుంటున్న ఆడవాళ్లు పలకలు కింద పెట్టి, ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. అక్షరాలు పూర్తిగా వచ్చినంక ఉద్యమం చేద్దామని వాళ్లెవరూ కూర్చోలేదు. చదువూ కొట్లాటా ఒకే సాయంత్రం, ఒకే చాప మీద జరిగాయి. "అది వచ్చేసరికి పదవి ఒడువదా" అన్న మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అదే. పదవిలో ఉండగానే, పదవి కాగితాలతోనే నేర్చుకోవాలి.

ఎట్లాగంటే, అంకెలతో మొదలుపెట్టండి. ఫోను నంబర్లు మీరు నొక్కుతారు, 500 నోటు గుర్తుపడతారు. అంటే సగం పని అయిపోయినట్టే. బిల్లులో కుడివైపు నిలువు వరస చూడండి, అవి రూపాయలు. అన్నిటికన్నా కింద ఉన్నది మొత్తం. ముందు అది పట్టుకోండి. తర్వాత పంచాయతీ మాటలు ఒక అరవై రాయించుకోండి. మోటారు, బల్బులు, డీజిలు, కూలీ, బ్లీచింగ్ పౌడరు, నర్సరీ, వైకుంఠధామం, డంపింగ్ యార్డు. మీ పంచాయతీలో తిరిగి తిరిగి వచ్చే ఖర్చులు ఇవేగా? ట్రాక్టరు డీజిలు బిల్లు మీద 'డీజిలు' అన్న మాట గుర్తుపట్టి, పక్కన లీటర్లు చూసి, "ఈ నెల ట్రాక్టరు పదిరోజులు షెడ్డులోనే ఉంది కదా" అని మీరు అన్న రోజున, నిశానీ అన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆ పోస్టు తీసేస్తారు. తీసేయకపోయినా మీకు పట్టదు.

సీసీ రోడ్డుకు ఎంబీ అని ఒక పుస్తకం ఉంటుంది, ఇంజనీరు కొలతలు రాసేది. అది చూస్తే చదువుకున్నవాళ్లకే కళ్లు తిరుగుతాయి. మీకు తిరగకూడదు. ఉపాధి పనిలో తవ్విన గుంతకు పొడవెంత, వెడల్పెంత, లోతెంత, కూలి ఎంత పడాలి అని మేటుతో వాదులాడినవాళ్లు మీరు. రోడ్డుకూ అదే లెక్క. పొడవు, వెడల్పు, మందం. రాసింది అడగండి, టేపు పట్టించి చూడండి. ఇందులో మీకు తెలియనిది అక్షరమొక్కటే, విషయం కాదు.

మీ ఆయన గురించి రెండు మాటలు. ఆయన మీద నాకు కోపం లేదు, కొంచెం జాలే ఉంది. పదేళ్లు తిరిగాడు, చెప్పులరిగాయి, డబ్బు పెట్టి ఉంటాడు. ఆఖరి నిమిషంలో కుర్చీ చేజారింది. మీరు చదువుకుంటే ఇజ్జత్ పోతుందన్న మాట వెనక, తన అవసరం లేకుండా పోతుందేమోనన్న భయం ఉందేమో చూడండి. ఆ భయాన్ని ఎగతాళి చేయొద్దు. మండలం ఆఫీసు చుట్టూ తిరగడం, ఎమ్మెల్యే దగ్గరికి పోవడం, ఊళ్లో తగాదాలు సర్దడం ఆయనకు బాగా వచ్చు. చేయనివ్వండి, అవి మీకూ సాయమే. సలహా ఇవ్వడం వేరు, సంతకం వేరు. ఆ గీత మీరు గీయాలి. "సర్పంచ్ పతు"ల వ్యవహారం ఢిల్లీ దాకా పోయిందని, భార్య పదవిని నడిపే భర్తల మీద గట్టి చర్యలు ఉండాలని కేంద్రం వేసిన సలహా సంఘం 2025లో సిఫారసు చేసిందని ఆయనకు మెల్లగా చెప్పవచ్చు. బెదిరింపులా వద్దు. పేపర్లో చూసిన కబురులా.

ఇక చదువుతున్న అమ్మాయికి.

బిడ్డా, ఈ పేరా కూడా గట్టిగానే చదువు, అమ్మ వినాలి. మూడో రోజుకే విసుగొచ్చిందన్నావు. 'క' కూ 'త' కూ తేడా చెప్పి చెప్పి అలిసిపోయి ఉంటావు. ఒక్కసారి నీ ఇంటర్ హాస్టల్ గుర్తుచేసుకో. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం పరీక్ష. ఆ రెండేళ్లలో "ఇది ఎందుకు?" అని ఎన్నిసార్లు అడగనిచ్చారు? నిన్ను తప్పుపట్టడం లేదు. పంచాయతీల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందని నువ్వు ఎప్పుడో పరీక్షలో రాసే ఉంటావు, మార్కులు పడే ఉంటాయి. ఆ సవరణ నీ ఇంట్లో, మీ అమ్మ రూపంలో కూర్చుని ఉంది. ఆమెకు అక్షరం రాదు, నీకు గ్రామసభ రాదు. ఇద్దరూ ఒకే తరగతిలో ఉన్నారు, బెంచీలు వేరు. కాబట్టి ఒప్పందం చేసుకోండి. రోజూ అరగంట నువ్వు అక్షరాలు చెప్పు, అరగంట ఆమె చెప్తుంది. ఏ వాడలో నీళ్లు ఎందుకు ఎక్కవు, ఏ ఇంటికి ఏ ఇంటికి పడదు, పింఛను ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు. ఆమె చెప్పేది నీ పుస్తకాల్లో దొరకదు. వచ్చే గ్రామసభకు నువ్వు కూడా పో. నీకు 18 దాటాయి కదా, ఓటరు జాబితాలో పేరుంటే నువ్వూ ఆ సభలో సభ్యురాలివే. పిలుపు అక్కర్లేదు.

నేర్పడాన్ని లెక్కలోకి కూడా ఎక్కించవచ్చు. 15 ఏళ్లు దాటిన వాళ్లకు చదువు చెప్పడానికి కేంద్రం 2022లో 'ఉల్లాస్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది, 2027 దాకా ఉంటుంది. నేర్చుకునేవాళ్లుగా అమ్మ పేరు, నేర్పే వలంటీరుగా నీ పేరు నమోదు చేయించవచ్చు. మీ ఊరి బడి హెడ్మాస్టరును అడుగు, ఆయనకు తెలిసి ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష తెలుగులోనే ఉంటుంది, పాసైతే ధ్రువపత్రం ఇస్తారు. సంఘంలో ఇంకెవరైనా కలుస్తారేమో, సంఘాల పనులు చూసే వీవోఏను కూడా అడగండి. ఒక్కరికి చెప్పడం కంటే ఐదుగురికి చెప్పడం తేలిక, నా మాట నమ్ము. ఆ తర్వాత అమ్మకు ఓపికుంటే ఓపెన్ స్కూల్లో పదో తరగతి. 14 నిండిన ఎవరైనా రాయవచ్చు, పై వయసుకు హద్దు లేదు. ఆమె పదవి ఐదేళ్లు. తొందరేం లేదు, అట్లాగని వాయిదా వేసుకునేంత తీరికా లేదు.

అమ్మా, మళ్లీ మీతో. ఒక చిన్న పని చెప్తాను, మీ ఇష్టముంటేనే. మీ ఊళ్లో ఇంటి పన్ను కట్టే ప్రతి ఒక్కరూ దానితోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. ఆ పన్ను ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టంతో వచ్చింది. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. ఆ పైసలు మీ ఊరి నుంచి ఎంత పోతున్నాయి, అసలు పోతున్నాయా, పోతే ఊరికి ఏం తిరిగి వస్తోంది? సెక్రటరీని అడగండి. ఇది అడగడానికి అక్షరం అక్కర్లేదు. ఆయన తడబడతాడని నా అంచనా. తడబడితే కోప్పడకండి, రిజిస్టరు తెప్పించి ఇద్దరూ కలిసి చూడండి. పంచాయతీ ఆఫీసులో ఒక బల్ల, రెండు పేపర్లు, సాయంత్రం ఒక లైటు పెట్టించగలిగితే మీ సంఘం ఆడవాళ్లకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మీ చదువూ అక్కడే సాగుతుంది. అప్పుడిక చాటు ఎందుకు?

ఆ ముసలమ్మ మాట మర్చిపోకండి. వీలైతే ఇవాళో రేపో ఆమె ఇంటికి పోండి. "అవ్వా, ఆనాడు నాకు తెల్వక చెప్పలే. ఇప్పుడు బిల్లు చదివించుకున్న, ఇగో లెక్క" అని చెప్పండి. లెక్క సరిగ్గా ఉంటే సరే. సరిగ్గా లేకపోతే అదీ చెప్పండి. ఆమె ఊళ్లో ఎంతమందికి చెప్తుందో మీకు నాకంటే బాగా తెలుసు.

బిడ్డా, ఇక్కడితో నువ్వు చదవడం ఆపు. పత్రిక అమ్మ చేతికివ్వు. అమ్మా, కింది మాటలు మీవి. జంట అక్షరాలు లేవు, గుణింతాలు లేవు, ఒక్క చివరిదానికి మాత్రం కొమ్ముంది. అది అమ్మాయిని అడగండి. ఆ మాట మీ పంచాయతీ క్యాష్ బుక్కులో కూడా దొరకవచ్చు, వెతికి చూడండి.

పలక

అరక

గడప

ధర

నగదు